స్పైరల్ ధమని గోడలోని కండరం ఏమైపోతుంది?

గర్భాశయం గోడలోంచి మాయకు (ప్లసెంటాకు) రక్తం తెచ్చే ధమనులు, అంటే స్పైరల్ ధమనులు, మెలికలు తిరిగి ఉంటాయని శరీరనిర్మాణ శాస్త్రవేత్త విలియం హంటర్ 1774లోనే బొమ్మలు వేయించి చూపించాడు. వాటి లోపలికి చూపు వెళ్లడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 1870లో ఫ్రీడ్‌లాండర్ గర్భాశయ రక్తనాళాల్లో వింత కణాలు చూశాడు. అవి తల్లివా, బిడ్డ తరఫువా అన్న తగువు చాలాకాలం నడిచింది. బిడ్డ తరఫువే, మాయను కట్టే ట్రోఫోబ్లాస్ట్ కణాలు.

అసలు మలుపు 1967. బ్రోసెన్స్, రాబర్ట్‌సన్, డిక్సన్ మాయ అంటుకున్న చోటి గర్భాశయ కణజాలాన్ని పరీక్షించారు. ధమని గోడలో నునుపు కండరం, సాగే పొర మాయమై ఆ జాగాలో ఫిబ్రినాయిడ్ అనే గట్టి ప్రొటీన్ పదార్థం, అందులో ఇరుక్కున్న ట్రోఫోబ్లాస్ట్‌లు కనిపించాయి. ప్రీఎక్లాంప్సియాలో (గర్భంలో రక్తపోటు పెరిగే జబ్బులో) ఈ మార్పు డెసిడువా (గర్భాశయం లోపలి పొర) దగ్గరే ఆగిపోతుందనీ, గర్భాశయ కండరంలోని భాగం మారకుండా మిగిలిపోతుందనీ 1972లో వాళ్లే రాశారు.

అప్పటినుంచి పుస్తకాల్లో ఒకటే మాట: ట్రోఫోబ్లాస్ట్ వచ్చి కండరాన్ని తినేసింది. ఇది సగం నిజమే. ట్రోఫోబ్లాస్ట్ ఇంకా చేరని ధమనిని మైక్రోస్కోపు కింద పెడితే కండర కణాలు అప్పటికే ఉబ్బి, వరుస తప్పి, ఒకదానికొకటి ఎడమై ఉంటాయి. పని మొదలుపెట్టింది పక్కనున్న తల్లి కణాలు. డెసిడువాలోని నేచురల్ కిల్లర్ కణాలు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు గోడలోకి దూరి, మెటలోప్రొటీనేజ్ ఎంజైములతో కణాల చుట్టూ ఉన్న అల్లికను కోస్తాయి. పట్టు పోయిన కండర కణం సంకోచించే ప్రొటీన్లను తగ్గించుకుంటుంది. తర్వాత వచ్చే ట్రోఫోబ్లాస్ట్‌లు ఫాస్ లిగాండ్, ట్రైల్ సంకేతాలతో కొన్నింటిని చావు వైపు నెడతాయి. మిగిలినవి రూపం మార్చుకుని గోడ వదిలి జరిగిపోతాయి. చావు ఎక్కువా, వలస ఎక్కువా అన్నదానిపైనే ఇప్పటి వాదన.

కండరం పోవడం ఎందుకంత ముఖ్యం? నాళాన్ని బిగించే సంకేతాలు వచ్చినా వినేవాళ్లు ఉండరు, మాయలోకి తెరుచుకునే ధమని మూతి వెడల్పవుతుంది. సెకనుకు 2–3 మీటర్ల వేగంతో వచ్చే రక్తం మూతి దగ్గర సుమారు 10 సెంటీమీటర్లకు నెమ్మదిస్తుందని బర్టన్ బృందం 2009లో లెక్కకట్టింది. మూతి ఇరుకుగా ఉంటే రక్తం చిమ్ముకొచ్చి విల్లైని (మాయలో బిడ్డ నాళాలుండే వేళ్లలాంటి కొమ్మల్ని) దెబ్బతీస్తుంది. కండరం మిగిలితే నాళం మధ్యమధ్య బిగుసుకుని ప్రవాహం తెగితెగి వస్తుంది. ఈ రెండో దెబ్బే పెద్దదని మా అభిప్రాయం.

బిడ్డ వైపు కథ వేరు, రెంటినీ కలిపేయకూడదు. స్టెమ్ విల్లైలోని, అంటే విల్లైల మొదటి పెద్ద కొమ్మల్లోని, నాళాలకు కండరం చివరిదాకా ఉంటుంది. అక్కడ నరాలు లేవు. నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు నాళాన్ని సడలిస్తుంది, ఆక్సిజన్ తగ్గితే నాళం బిగుస్తుంది.

ఇక కండరం పోయిందో లేదో చూడటానికి తీసే నమూనా సంగతి. ప్రసవంలో బయటికొచ్చిన మాయలో గర్భాశయ కండరంలోని ధమని భాగం ఉండదు, దానికి మాయ అంటుకున్న చోటనుంచే బయాప్సీ (పరీక్షకు చిన్న ముక్క) తీయాలి. అదీ మధ్యలోంచి. మార్పు నడుమ ఎక్కువ, అంచులకు పోయేకొద్దీ తక్కువ. అంచున తీసిన ముక్కలో ఆరోగ్యకరమైన గర్భంలోనూ కండరం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, దాన్నే జబ్బుగా చదివే ప్రమాదం ఉంది.