పెట్రోల్ పైపు కొనే ముందు దాని మీద ఏం రాసుందో చదవండి

ఇచ్ఛాపురంలో మా మావయ్యకి 2004 మోడల్ చిన్న కారు ఒకటుంది, ఏడాదిలో సగం రోజులు షెడ్డులోనే పడుంటుంది, పండక్కి పిల్లలొస్తే బట్టలకి ఒడిశాలోని బరంపురం వెళ్ళడానికి బయటికి తీస్తారు, బోర్డర్ దాటితే పెట్రోల్ మనకన్నా చవక కాబట్టి అక్కడే ట్యాంక్ ఫుల్ చేయించుకుని వస్తారు. మొన్న సంక్రాంతికి షెడ్డు తలుపు తీయగానే గుప్పుమని పెట్రోల్ కంపు. "ఏట్రా ఇది, కింద చుక్క కూడా లేదు కదా" అన్నాడు మావయ్య. నిజమే, నేలంతా పొడిగానే ఉంది.

చుక్క కారకపోయినా కంపు వస్తుంది. ఇంజిన్‌కి పెట్రోల్ తెచ్చే పైపు రబ్బరుది. రబ్బరంటే పొడుగాటి గొలుసుల్లాంటి అణువులు చిక్కుపడి ఉన్న ముద్ద, ఆ సందుల్లోంచి పెట్రోల్ అణువులు మెల్లగా దూరి బయట ఆవిరైపోతుంటాయి, కొత్త పైపులో ఇది బాగా తక్కువ, పైపు పాడయ్యేకొద్దీ పెరుగుతుంది. అందుకే కారడం కంటే ముందు వాసన వస్తుంది, దాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి.

ఆ పైపు తీసి బ్లేడుతో నిలువునా కోసి చూశాం. పైన ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు. లోపల వేలు పెట్టి రుద్దితే నల్లగా అంటుకుంది. క్లిప్పు కింద భాగం మాత్రం చెక్కలా బిగుసుకుపోయి, క్లిప్పు గాడులు రబ్బరులోకి దిగిపోయి ఉన్నాయి.

ఇలా ఎందుకైందంటే, పాత పైపుల్లో ఎక్కువగా వాడేది నైట్రైల్ రబ్బరు. మామూలు పెట్రోల్‌కి అది బాగానే ఆగుతుంది గానీ ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిసిన పెట్రోల్ తగిలితే ఎక్కువ ఉబ్బుతుంది, మెత్తగా ఉండటానికి రబ్బరులో కలిపిన ప్లాస్టిసైజర్లని ఆ పెట్రోల్ మెల్లమెల్లగా లాగేసుకుంటుంది, ఆ తర్వాత పైపు ఆరిందంటే ముడుచుకుని పగులుతుంది. మన దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. 2004లో కారు తయారుచేసినవాళ్ళు ఈ 20 శాతాన్ని లెక్కలో పెట్టుకుని చేయలేదు కదా, పైగా నెలల తరబడి కదలకుండా ఉన్న కారులో పైపు ఉబ్బడం ఆరడం మళ్ళీ ఉబ్బడం, ఇదే జరుగుతుంటుంది.

ఇంక ప్రెషర్ సంగతి. కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే పాతకాలపు భాగం) ఉన్న బండిలో పెట్రోల్ పైపులో ఉండేది 3 నుంచి 6 పీఎస్ఐ అంతే, పంపు ప్రెషర్‌తో ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి సుమారు 3 బార్, అంటే 43, 44 పీఎస్ఐ. మనం కారు టైరులో కొట్టించే గాలి 30, 33 కదా, దానికన్నా ఎక్కువన్నమాట. కార్బురేటర్ పైపుకి సూది బెజ్జం పడితే చెమ్మ పడుతుంది, ఇంజెక్షన్ పైపుకి అదే బెజ్జం పడితే పెట్రోల్ పొగమంచులా చిమ్ముతుంది, పక్కనే ఇంజిన్ పొగ బయటికెళ్ళే సైలెన్సర్ మానిఫోల్డ్ సలసలా వేడిగా ఉంటుంది, ప్లగ్గు వైర్లుంటాయి. కార్లు తగలబడేది ఇలాంటి చోటే.

ఊళ్ళో షాపులో అడిగితే బైకులకి వేసే పైపు తీసి ఇచ్చారు, "ఏటి తేడా బాబూ, రెండూ పెట్రోల్ పైపులే కదా" అని. తేడా అంతా పైపు మీద అచ్చేసిన అక్షరాల్లో ఉంటుంది. ఎస్ఏఈ జె30 అనేది పెట్రోల్ పైపుల ప్రమాణం పేరు, దాని పక్కన ఆర్7 అని ఉంటే అది 50 పీఎస్ఐ పైపు, కార్బురేటర్ బళ్ళకీ, మిగిలిన పెట్రోల్ ట్యాంకుకి తిరిగెళ్ళే రిటర్న్ లైనుకీ. మావయ్యది ఇంజెక్షన్ కారు కాబట్టి మనకి కావలసింది ఆర్9, 100 పీఎస్ఐకి చేసింది, లోపలి పొర ఫ్లోరిన్ ఉన్న రబ్బరు, ఇథనాల్ దానిలోకి దూరడం చాలా తక్కువ. 44 కంటే 50 ఎక్కువే కదా, ఆర్7 సరిపోదా అని మావయ్యే అడిగాడు. సరిపోదు, రిటర్న్ పైపు ఎక్కడైనా నలిగినా, ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ ఇరుక్కుపోయినా పంపు 44 దగ్గర ఆగదు, దాటి తోసేస్తుంది, పైగా ఇంజిన్ వేడికి రబ్బరు బలం తగ్గుతుంది. ఆ ఆరు పీఎస్ఐని నమ్ముకుని ఇంట్లోవాళ్ళని కారెక్కించలేం.

మాకు ఆర్9 చివరికి బరంపురంలో మీటరు లెక్కన దొరికింది. ట్యాంకు లోపల పెట్రోల్‌లో మునిగి ఉండే ముక్కకి మాత్రం ఆర్9 కూడా వాడకూడదు, దాని పై తొక్క పెట్రోల్‌లో నానడానికి చేసింది కాదు, అక్కడ ఆర్10 కావాలి. పైన స్టీలు జాలీ ఉందని చూసి మోసపోకండి, లోపల ఏ రబ్బరుందో జాలీ చెప్పదు. కొన్ని కార్లలో ఉండే నైలాన్ పైపు పగిలితే మధ్యలో రబ్బరు ముక్క తొడిగి క్లిప్పు బిగించడం చాలాచోట్ల చూశాను, నున్నటి నైలాన్ మీంచి ఆ ప్రెషర్‌కి రబ్బరు జారిపోతుంది, పూర్తి లైను మార్చాల్సిందే. క్లిప్పులు కూడా గాడులు కోసిన రకం కాకుండా పట్టీ నున్నగా, అంచులు పైకి మడిచి ఉండేవి తీసుకోండి.

విప్పే ముందు, పైపులో ప్రెషర్ పోవడానికి పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటదే ఆగిపోయేదాకా నడిపి, అది చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేశాం. ఆరుబయటే చేశాం, పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, షెడ్డులో అయితే నేలమీదే పేరుకుంటుంది. బిగించాక అన్నీ మళ్ళీ తగిలించి, స్టార్ట్ చేయకుండా కీ మూడునాలుగు సార్లు ఆన్ ఆఫ్ చేసి పంపుతో ప్రెషర్ ఎక్కించి, ఒక్కో జాయింటుకీ తెల్ల గుడ్డ చుట్టి చూస్తే ఫిల్టర్ దగ్గర గుడ్డ తడిసింది. పైపు ఫిల్టర్ మూతి మీదున్న బుడిపె దాటి పూర్తిగా ఎక్కలేదు, క్లిప్పు బుడిపె మీదే కూర్చుంది. మళ్ళీ మొదట్నుంచీ ప్రెషర్ తీసి, పైపు లోపలికంటా తోసి బిగించి, ఈసారి గుడ్డ పొడిగా వచ్చాకే మావయ్య చేతికి తాళం ఇచ్చాను.