సుంకి ఘాటు, సరిహద్దు, ఆగని లారీ: ప్రమాదం చేసిన డ్రైవర్‌పై చట్టం ఎలా మారుతూ వచ్చింది

సాలూరు నుంచి కోరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద సుంకి దగ్గర రాష్ట్రం మారిపోతుంది. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, బరంపురం దాటి కాస్త దూరం పోతే ఇచ్ఛాపురం. ఒడిశా వైపున్న ఈ ఊళ్లలో తెలుగు ఇళ్లకు, లారీల మీద బతికే తెలుగువాళ్లకు కొదవలేదు. ఇక్కడ మనిషిని గుద్దిన బండి ఆగకుండా పోతే కాసేపటికే వేరే రాష్ట్రంలో ఉంటుంది. ఆగితే జనం కొడతారని డ్రైవర్ భయం, ఆగకపోతే బండి నంబరైనా దొరకదని బాధితుల భయం. 2024 జనవరిలో దేశమంతా లారీలు ఆపేసిన గొడవ ఈ రెండు భయాల మధ్యదే. దాని వేర్లు మాత్రం మోటారు బండి పుట్టకముందు నుంచే ఉన్నాయి.

1837లో మెకాలే సంఘం రాసిన శిక్షాస్మృతి ముసాయిదాలో, నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారికి శిక్ష వేసే క్లాజు ఉంది. 1860లో చట్టం అయ్యేసరికి అది జారిపోయింది. పదేళ్ల తర్వాత, 1870లో, 304-ఎ సెక్షన్‌గా తెచ్చి చేర్చారు. శిక్ష గరిష్ఠంగా రెండేళ్లు, లేదా జరిమానా, లేదా రెండూ. అప్పటికి రోడ్ల మీద ఉన్నవి ఎడ్లబళ్లు, గుర్రబ్బళ్లు. ఎవరికీ దెబ్బ తగలకపోయినా ప్రమాదకరంగా బండి తోలితే 279వ సెక్షన్ కింద ఆరు నెలలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. విచిత్రమేమిటంటే ఆ వెయ్యి ఇవాళ్టికీ వెయ్యే. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్‌లోనూ అంకె మారలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. తర్వాత సరిహద్దు గీత పడినా కేంద్ర చట్టాలు రెండువైపులా ఒకటే: 1914 మోటారు వాహనాల చట్టం, దాని స్థానంలో 1939 చట్టం, ఆపైన 1989 జులై 1 నుంచి అమలైన 1988 చట్టం. వీటిలో శిక్షలకంటే ఎక్కువ మారింది డబ్బు సంగతి. 1946 నుంచి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరైంది, 1956 సవరణతో పరిహారం తేల్చే క్లెయిమ్ ట్రిబ్యునళ్లకు దారి పడింది, గుద్దిన బండి ఏదో తెలియని కేసుల్లోనూ కొంత సొమ్ము ఇచ్చే ఏర్పాటు 1982 సవరణతో వచ్చింది.

జైలు వైపు కదలిక తక్కువ. 304-ఎ బెయిలబుల్ కావడంతో డ్రైవర్ త్వరగానే బయటికొచ్చేవాడు, కేసు ఏళ్లపాటు నడిచేది. ప్రాణం తీసిన డ్రైవర్‌ను మంచి నడవడి పేరుతో జైలు లేకుండా ప్రొబేషన్ మీద వదలడం తగదని సుప్రీంకోర్టు 2000లో గట్టిగా చెప్పింది. 2006 నవంబరులో ముంబై బాంద్రాలో కారు పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న కూలీల మీదికి ఎక్కి ఏడుగురు చనిపోయిన కేసులో, తాగి నడిపితే మనుషులు చస్తారని తెలిసే నడిపినట్టు లెక్కగట్టి హత్య కిందికి రాని నరహత్యకు వర్తించే 304వ సెక్షన్ రెండో భాగం కింద పడిన మూడేళ్ల శిక్షను 2012లో అదే కోర్టు ఖాయం చేసింది. అదే నేరం ఇప్పుడు న్యాయ సంహితలో 105వ సెక్షన్: పదేళ్ల దాకా జైలు, బెయిలు హక్కుగా రాదు, విచారణ సెషన్స్ కోర్టులో. కాబట్టి తాగి ఉన్నాడా లేదా అన్నదే కేసు దిశను తిప్పుతుంది. పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. డ్రైవర్ మర్నాడు దొరికితే రక్తంలో మిగిలేది పెద్దగా ఉండదు. పారిపోవడంలో డ్రైవర్లకు కనిపించే లాభం ఇదే. చట్టం ఈ చిల్లును చాలాకాలం పట్టించుకోలేదు.

అలాగని పారిపోవడం నేరం కాకుండా పోలేదు. 1988 చట్టం 134వ సెక్షన్ డ్రైవర్ ఏం చేయాలో చెబుతుంది: దెబ్బతిన్నవారిని దగ్గర్లోని వైద్యం దాకా చేర్చాలి, పోలీసులకు వివరాలివ్వాలి, అక్కడ పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, ఏమైనా 24 గంటల లోపు, దగ్గరి స్టేషన్‌కు వెళ్లి చెప్పాలి, బీమా కంపెనీకీ రాయాలి. జనం కోపం వల్ల ఆగలేకపోతే అది మినహాయింపేనని సెక్షన్ మాటల్లోనే ఉంది. కాకపోతే ఎందుకు ఆగలేకపోయాడో స్టేషన్‌లో చెప్పుకోవాలి. స్టేషన్ ఒడిశాదే కావాలని ఎక్కడా లేదు. ఒడిశాలోని పొట్టంగి పరిధిలో ప్రమాదం చేసినా, దగ్గరి స్టేషన్ సాలూరుదైతే అక్కడ లొంగినా 134 ప్రకారం సరిపోతుంది. ఈ పని చేయకపోతే 187 కింద ఆరు నెలల దాకా జైలు, 2019 సవరణ తర్వాత 5,000 రూపాయల దాకా జరిమానా. రెండోసారైతే ఏడాది, 10,000.

2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన న్యాయ సంహిత 106వ సెక్షన్ శిక్షను ఒక్కసారిగా పెంచింది. మొదటి ఉపసెక్షన్‌లో రెండేళ్ల శిక్ష ఐదేళ్లయింది, జరిమానా కూడా తప్పదు. రెండోదాంట్లో, ప్రాణం తీసి, వెంటనే పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా. 2024 జనవరి మొదటి రెండు రోజులూ లారీలు నిలిచాయి, చాలా ఊళ్లలో పెట్రోలు బంకుల ముందు క్యూలు పెరిగాయి. ఏడు లక్షల జరిమానా అని అప్పట్లో ఊరంతా తిరిగిన అంకె సెక్షన్‌లో ఎక్కడా లేదు. రవాణా సంఘాలతో మాట్లాడాకే అమలు అని కేంద్రం మాటిచ్చింది. ఫిబ్రవరిలో వచ్చిన నోటిఫికేషన్ మిగతా సంహితకు జులై 1 తేదీ పెట్టి, 106(2)ను మాత్రం పక్కన ఉంచింది. కాబట్టి జులై 1 నుంచి నడిచింది 106(1), దానికి తోడు పాత 134, 187 మాత్రమే. డ్రైవర్ల భయం అబద్ధం కాదు. కానీ 134లో ఉన్న జనం కోపం మినహాయింపును ఏ సంఘమూ తన డ్రైవర్లకు సరిగ్గా చెప్పినట్టు కనిపించదు. కొత్త ఉపసెక్షన్‌లోనూ అడిగింది అక్కడే నిలబడమని కాదు, కబురు చేయమని.

ఇక సుంకి లాంటి ఘాటు రోడ్ల కేసుల్లో డ్రైవర్ మొదటి మాట "బ్రేక్ ఫెయిలైంది". నిజంగా ఫెయిలవుతాయి, కానీ ఊరికే కాదు. లోడు లారీని న్యూట్రల్‌లో గానీ పై గేరులో గానీ దింపితే ఇంజన్ పట్టు పోయి బరువంతా డ్రమ్ముల మీద పడుతుంది. డ్రమ్ము వేడెక్కి విచ్చుకుంటుంది, లైనర్ రాపిడి తగ్గుతుంది, కాలిన వాసన వస్తుంది. పెడల్ మాటిమాటికీ తొక్కుతుంటే ఎయిర్ ట్యాంకులో ఒత్తిడి పడిపోతుంది, ఇంజన్ తక్కువ వేగంలో తిరుగుతుంటే కంప్రెసర్ దాన్ని నింపలేదు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్న పాత లారీ డ్రైవర్ల సూత్రం ఇందుకే. దిగకముందే బండి ఆపి ఎయిర్ గేజీ చూసుకోవాలి, ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటే వేసుకోవాలి. వాసన వచ్చాక డ్రమ్ముల మీద నీళ్లు పోస్తే ఇనుము పగిలే ప్రమాదం, ఆపి చల్లారనివ్వాల్సిందే.

ప్రమాదం తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండిని చూసి ఇచ్చే నివేదిక మీదే ఈ వాదన నిలుస్తుంది. ఎయిర్ పైపు ముందే తెగిందా, గుద్దుకున్నాక తెగిందా, లైనర్ ఎంత అరిగింది, బ్రేకు సందును సరిచేసే స్లాక్ అడ్జస్టర్లు సరిగ్గా ఉన్నాయా అని చూస్తారు. లోపం ఉందని తేలినా ఓనర్‌కు ఊరట దొరకదు. చూసుకున్నా కనిపించని లోపమని, తాను మెయింటెనెన్స్‌లో ఏ తప్పూ చేయలేదని పరిహారం కేసులో నిరూపించాల్సింది ఓనరే. గ్యారేజీ బిల్లులు దాచుకోని ఓనర్లు ఇక్కడే దొరికిపోతారు. బాధితుల వైపు కూడా ఒక బలహీనత ఉంది. "చాలా వేగంగా వచ్చింది" అన్న ఒక్క సాక్ష్యంతో నిర్లక్ష్యం రుజువు కాదని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. టైరు గీతలు, బండి ఏ వైపున ఆగింది, మలుపు ఎంత దూరం, ఇవన్నీ పంచనామాలో రావాలి.

ఒడిశా స్టేషన్‌లో ఇవి ఒడియాలో ఉండవచ్చు. తెలుగు మాత్రమే వచ్చినవారు ఎఫ్‌ఐఆర్‌ను చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టాలి. కాపీ ఉచితంగా తీసుకోవాలి. ఇప్పుడు ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చు, దాన్ని ప్రమాదం జరిగిన స్టేషన్‌కు పంపుతారు. డ్రైవర్ ఎవరో చెప్పమని ఓనర్‌కు మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వవచ్చు. నంబరు ఉంటే పక్క రాష్ట్రంలో ఉన్నా ఓనర్ తప్పించుకోలేడు.

పరిహారం కేసు వేయడానికి కోరాపుట్ దాకా పోనక్కర్లేదు. 1994 సవరణ నుంచి బాధితులు ఉంటున్న చోటి ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు మళ్లీ వచ్చింది, కాబట్టి క్రిమినల్ కేసు తేలేదాకా ఆగకూడదు. లెక్క ఎలా కడతారంటే, నెలకు 12,000 సంపాదించే 32 ఏళ్ల సొంత పనివాడు నలుగురిని పోషిస్తూ చనిపోయాడనుకోండి. భవిష్యత్ ఆదాయానికి 40 శాతం కలిపితే 16,800. సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీస్తే 12,600. ఏడాదికి 1,51,200, ఆ వయసుకు గుణకం 16, మొత్తం 24,19,200. అంత్యక్రియలు వగైరాలు దీనికి అదనం. డ్రైవర్‌కు లైసెన్సు లేకపోతే బీమా కంపెనీ ముందు కట్టి ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు చెబుతుంటాయి. అసలు బీమాయే లేకపోతే మొత్తం ఓనర్ నెత్తిన పడుతుంది.

నంబరు దొరకని కేసుల్లో 1989 పథకం మరణానికి 8,500 ఇచ్చేది, 1994 సవరణతో అది 25,000 అయింది. 2022 ఏప్రిల్ 1 నుంచి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50,000. దరఖాస్తు ఆ ప్రాంతపు క్లెయిమ్ విచారణాధికారికి ఇవ్వాలి, మంజూరు చేసేది కలెక్టర్ స్థాయిలో. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, బ్యాంకు ఖాతా వివరాలు జతచేయాలి. తర్వాత బండి దొరికి ట్రిబ్యునల్‌లో పరిహారం వస్తే ఈ 2 లక్షలు అందులోంచి తీసేస్తారు.