మెరిసే చాక్లెట్‌కు ఐదో రూపం

“స్ట్రాబెర్రీలను కరిగించిన చాక్లెట్‌లో ముంచి ఫ్రిజ్‌లో పెట్టాను. బాగానే గట్టిపడ్డాయి. బయటికి తీసిన కాసేపటికే పూత వేళ్లకు అంటుకుపోయింది. మెరుపు లేదు. కొరికితే పటుక్కుమనలేదు, పెచ్చులా జారిపోయింది. మంచి చాక్లెట్టే కొన్నాను. దుకాణంలో దొరికేలా మన ఇంట్లో ఎందుకు రాదు?” అని రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు అడిగారు.

చాలా మంచి ప్రశ్న. వంటింటి ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, స్ఫటికశాస్త్రంలోకి ఇంత దగ్గరి దారి మరొకటి లేదు. చాక్లెట్ మెరుపు, పటుకు, వేళ్లకు అంటకుండా నోట్లో మాత్రమే కరిగే గుణం, ఈ మూడూ అందులోని కోకో బటర్ అనే కొవ్వు ఏ రూపంలో గడ్డకట్టిందో దాని మీద ఆధారపడి ఉంటాయి.

చాక్లెట్ కరిగించడం ఎలాగో ఇక్కడ రాయను. వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించడం అందరికీ తెలిసిందే. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి, అది తడి. కరిగిన చాక్లెట్ చూడ్డానికి చిక్కటి ద్రవంలా ఉన్నా, అందులో నీరు దాదాపు లేదు. ద్రవంగా ఉన్నది కొవ్వు ఒక్కటే. పంచదార, కోకో పొడి రేణువులు అందులో విడివిడిగా తేలుతుంటాయి. పండు మీది నుంచి రెండు చుక్కల నీరు పడితే ఆ నీరు కొవ్వుతో కలవదు, నేరుగా పంచదార రేణువుల మీదికి పోతుంది. రేణువుల పైపొర పాకమై, ఒకదానికొకటి అతుక్కుని, గిన్నెలోని చాక్లెట్ అంతా చూస్తుండగానే ముద్దకడుతుంది. ఇంకాస్త వేడిచేస్తే సరిపోతుందనుకుంటారు కొందరు, సరిపోదు. అయితే పారేయనక్కర్లేదు. కొంచెం కొంచెంగా వేడి పాలు పోస్తూ కలిపితే పంచదార పూర్తిగా కరిగి, ఈసారి నీళ్లలో కొవ్వు బిందువులు తేలే మిశ్రమంగా తిరగబడుతుంది. అది పండ్లకు గట్టి పూతగా పనికిరాదు, కేకు మీద పోసుకోవచ్చు. అందుకే పండ్లను ముందే కడిగి, గుడ్డతో అద్ది, ఫ్యాన్ కింద బాగా ఆరనివ్వాలి.

ఇక అసలు విషయం. ఒక పదార్థానికి ఒక ద్రవీభవన స్థానం అని బడిలో చెప్పాం, పట్టికలు బట్టీ పట్టించాం. మంచుకు సున్నా, సీసానికి 327. అదే పట్టికలో కోకో బటర్‌ను రాయమంటే ఏ అంకె రాయాలి? 1966లో విల్లే, లటన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కోకో బటర్‌కు ఆరు స్ఫటిక రూపాలున్నాయని తేల్చారు. మొదటిది సుమారు 17 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రెండోది 23, మూడోది 25 దాటాక, నాలుగోది 27–28, ఐదోది 34, ఆరోది 36 డిగ్రీల దగ్గర. కొవ్వు అదే, అణువులు అవే, కరిగే వేడి మాత్రం ఆరు రకాలు. పదో తరగతిలో వజ్రం, గ్రాఫైట్ రెండూ కర్బనమేనని చెప్పేటప్పుడు ఒక చాక్లెట్ బిళ్ల పిల్లల చేతికిచ్చి ఈ పాఠం మొదలుపెడితే ఎంత బాగుంటుందో! వజ్రం బడికి రాదు, చాక్లెట్ వస్తుంది.

ఒకే కొవ్వు రకరకాలుగా ఎలా గడ్డకడుతుందో అర్థం కావాలంటే నెయ్యిని గుర్తు తెచ్చుకోండి. కాచిన నెయ్యిని కదపకుండా గట్టు మీద వదిలేస్తే తెల్లారేసరికి చక్కగా పూస కడుతుంది. అదే నెయ్యిని వేడి మీదే ఫ్రిజ్‌లోకి తోస్తే పూస ఉండదు, నున్నటి గడ్డ అవుతుంది. వెన్న ఒకటే, కాచిన చెయ్యీ ఒకటే, చల్లారిన తీరు ఒక్కటే వేరు. నెమ్మదిగా చల్లారినప్పుడు ఎక్కువ వేడి దగ్గర గడ్డకట్టే కొవ్వులు ముందుగా విడివడి, ఉన్న కొద్ది స్ఫటికాల చుట్టూనే తీరిగ్గా పేరుకుంటాయి. కాబట్టి పూస పెద్దది. గబుక్కున చల్లారితే లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు ఒకేసారి పుడతాయి, ఏదీ పెరగదు. పాత పూస నెయ్యి అడుగున ఉన్న గిన్నెలోనే కొత్త నెయ్యి గోరువెచ్చగా పోస్తే, ఆ పూస కరగకుండా మిగిలినంతవరకు కొత్తదీ దాని మీదే పేరుకుంటుంది. మరీ వేడిగా పోస్తే పాత పూస కూడా కరిగిపోయి కథ మొదటికొస్తుంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, చాక్లెట్‌కు మందు అదే. పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. నెయ్యిలో మన కంటికి కనిపించే తేడా ముఖ్యంగా స్ఫటికాల పరిమాణంలోనిది. కోకో బటర్‌లో అణువులు పేర్చుకున్న పద్ధతే మారుతుంది.

ఆ పద్ధతి ఏమిటో చూద్దాం. కొవ్వు అణువుకు గ్లిజరాల్ వెన్నెముక, దానికి మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు. నెయ్యిలో ఈ గొలుసులు ఎన్నో రకాలు. కోకో బటర్ విచిత్రంగా క్రమశిక్షణ గలది. దాని అణువుల్లో నాలుగింట మూడొంతులకు పైగా ఒకే అచ్చు: నడుమ ఒలియిక్ ఆమ్లం, రెండు పక్కలా పామిటిక్ గాని స్టియరిక్ గాని. పక్కనున్నవి నిటారు గొలుసులు. నడుమ ఉన్న ఒలియిక్‌కు తొమ్మిదో, పదో కర్బనాల మధ్య ద్విబంధం ఉండటం వల్ల అక్కడ వంపు తిరుగుతుంది. నాలుగో రూపంలో గొలుసులు రెండేసి పొడవుల మందంతో పొరలుగా పేరుకుంటాయి. పొర మందం సుమారు నాలుగున్నర నానోమీటర్లు. ఇందులో వంపు గొలుసులు, నిటారు గొలుసులు పక్కపక్కనే ఇరుక్కోవాలి కాబట్టి పేర్పు వదులుగా ఉంటుంది. ఐదో రూపంలో మూడు పొడవుల మందం, ఆరు నానోమీటర్లకు పైనే. వంపు గొలుసులన్నీ కలిసి నడిమి పొర అవుతాయి, నిటారువన్నీ దానికి అటూ ఇటూ సర్దుకుంటాయి. ఎవరి జాతి వారి పక్కన చేరడంతో ఖాళీలు పోతాయి, పేర్పు బిగుస్తుంది. బిగువు పెరిగింది కాబట్టే విరిస్తే పటుక్కుమంటుంది, 34 డిగ్రీల దాకా వేళ్లకు అంటదు. స్ఫటికాలు సన్నగా, ఒత్తుగా ఉంటాయి కాబట్టి ఉపరితలం నునుపుగా ఉండి వెలుతురును చెదరగొట్టకుండా తిప్పికొడుతుంది, అదే మెరుపు. నోటి వేడి 34 దాటుతుంది. వేలి కొసలు మామూలుగా అంతకంటే చల్లన. ఈ రెండు మూడు డిగ్రీల సందులో ఐదో రూపం కూర్చుంది.

ఒకే అణువు వేర్వేరు స్ఫటిక రూపాల్లో గడ్డకట్టే ఈ బహురూపకత వంటింటితో ఆగదు. 1998లో రిటోనవిర్ అనే హెచ్‌ఐవీ మందు గుళికల్లో, అంతవరకు ఎవరూ చూడని కొత్త స్ఫటిక రూపం పుట్టుకొచ్చింది. అణువు అదే అయినా ఆ రూపం సరిగా కరగదు. గుళికలను వెనక్కి తీసుకుని మందును వేరేగా తయారుచేయాల్సి వచ్చింది. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల పరిశ్రమల్లో పనిచేసే రసాయన శాస్త్రజ్ఞులకు ఇది రోజువారీ తలనొప్పి. ఏ రూపం ముందు పుడుతుంది, ఏది చివరికి నిలుస్తుంది అన్న ఈ వెతుకులాటే చాక్లెట్ కర్మాగారంలోనూ జరుగుతుంది, పేరు టెంపరింగ్.

డార్క్ చాక్లెట్‌ను 45 డిగ్రీలకు వేడిచేస్తారు. ఏ రూపమైనా సరే, ఆనవాలు కూడా మిగలకూడదు. తర్వాత కలుపుతూ 27–28కి దించుతారు. అక్కడ నాలుగో రూపం, ఐదో రూపం రెండూ పుడతాయి. ఇప్పుడు మళ్లీ 31–32కి ఎక్కిస్తారు. నాలుగోది కరిగిపోతుంది, ఐదోది మిగులుతుంది. నన్నడిగితే వంటలో ఇంత అందమైన ఎత్తు ఇంకొకటి లేదు. రెండు కరుగు స్థానాల మధ్య వేడిని నిలబెట్టి, అక్కర్లేని స్ఫటికాన్ని ఏరిపారేయడం! మిల్క్ చాక్లెట్‌లో పాలకొవ్వు కూడా ఉంటుంది కాబట్టి ప్రతి అంకె ఒకటి రెండు డిగ్రీలు తగ్గించుకోవాలి.

ఇంట్లో ఇన్ని మెట్లు అక్కర్లేదు. మీరు కొన్న చాక్లెట్ బిళ్ల మెరుస్తూ ఉందంటే అందులో ఐదో రూపం సిద్ధంగా ఉన్నట్టే. మూడొంతుల్లో రెండొంతులు కరిగించండి. దించి, మిగిలిన వంతును సన్నగా తరిగి కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. పాత పూస మీద కొత్త నెయ్యి పేరుకున్నట్టు ఆ తరుగే బీజమవుతుంది. వేడి 34కి దిగేదాకా వేసిన తరుగు పూర్తిగా కరిగిపోతుంది, ఆ తర్వాత వేసినదే పనిచేస్తుంది. 32 దగ్గర ముంచడం మొదలుపెట్టాలి. థర్మామీటర్ లేదా? చుక్క తీసి కింది పెదవి కింద అద్దుకోండి. వెచ్చగా అనిపిస్తే ఇంకా ఎక్కువే. కాస్త చల్లగా తగలాలి, ఎందుకంటే 32 మన ఒంటి వేడి కంటే తక్కువ. ఇంకో పరీక్ష, చాకు కొసను ముంచి పక్కన పెట్టండి. ఏసీ గదిలో నాలుగైదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడితే కుదిరినట్టు. చారలు చారలుగా, జిడ్డుగా ఉండిపోతే ఇంకాస్త తరుగు వేసి కలపాలి. కలపడం ఆపకూడదు. కదలికే పుట్టిన స్ఫటికాలను విరిచి కొత్త బీజాలుగా పంచుతుంది.

పాఠకురాలి స్ట్రాబెర్రీల దగ్గర జరిగిందేమిటో ఇప్పుడు తేలిగ్గా చెప్పవచ్చు. చాక్లెట్ అంతా వేడిగా కరిగింది, బీజాలన్నీ పోయాయి. ఫ్రిజ్ దాన్ని గబుక్కున చల్లార్చింది. తొందరలో పుట్టేవి కింది రూపాలు. అవి కరిగేది ఇరవైల్లోనే, గోదావరి ఒడ్డున గది వేడి ముప్పై దాటుతుంది. పూత అంటుకోక ఏం చేస్తుంది? అదీగాక, ఫ్రిజ్‌లోని పండును అలాగే ముంచితే టెంపరింగ్ చేసిన చాక్లెట్ కూడా పండును తాకినచోట కింది రూపాల్లోనే గడ్డకడుతుంది. పైగా పండు వెచ్చబడి ఉబ్బేటప్పుడు పూత పగులుతుంది. పండు గది వేడికి వచ్చాకే ముంచాలి.

ఫ్రిజ్ చేసే రెండో అపకారం తడి. వానాకాలంలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే మంచు బిందువు 26 డిగ్రీలు. అంటే అంతకంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. ఐదు డిగ్రీల ఫ్రిజ్ సంగతి సరే, ఏసీ గదిలో పెట్టిన పళ్లాన్ని వరండాలోకి తెచ్చినా చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ చాక్లెట్ పైనున్న పంచదారను కరిగిస్తుంది. ఆరిపోయాక పంచదార గరుకు పొరగా తెల్లగా మిగులుతుంది. ఫ్రిజ్ వాడక తప్పనప్పుడు మూత బిగిసే డబ్బాలో పెట్టి, బయటికి తీశాక డబ్బా చల్లదనం పోయేదాకా మూత తీయకండి. చెమ్మ డబ్బా మీద పడుతుంది, చాక్లెట్ బతుకుతుంది.

తెల్లబడిన చాక్లెట్‌ను చూసి బూజు పట్టిందని, పిల్లలు తింటే జబ్బు చేస్తుందని పారేసే ఇళ్లు చాలా ఉన్నాయి. నమ్మకం మీద పారేసే ముందు వేలితో రుద్ది చూడండి. జిడ్డుగా తగిలి చెరిగిపోతే అది కొవ్వే. కరిగి మళ్లీ గడ్డకట్టినప్పుడో, నెలల తరబడి ఐదో రూపం మెల్లగా ఆరో రూపంలోకి మారినప్పుడో పైకి పొడుచుకొచ్చిన స్ఫటికాలు. గరుకుగా తగిలి చెరగకపోతే పంచదార. రెండూ తినదగినవే. చాక్లెట్‌లో నీరు లేకపోవడమే బూజుకు అడ్డు. పూత కింద తడి పండు ఉన్నప్పుడు మాత్రం ఈ ధీమా పనికిరాదు.

ఏ పండు ముంచవచ్చో తేల్చేదీ నీరే. బ్యాక్టీరియాకు, బూజుకు అందుబాటులో ఉన్న నీటిని వాటర్ యాక్టివిటీ అనే అంకెతో కొలుస్తారు. స్వచ్ఛమైన నీటికి 1. స్ట్రాబెర్రీకి 0.97కి పైనే, చాక్లెట్‌కు 0.5 కంటే తక్కువ. ఈ తేడా ఉన్నంతవరకు పండులోని నీరు పూతలోకి పాకుతూనే ఉంటుంది. పొద్దున ముంచిన స్ట్రాబెర్రీ కింద సాయంత్రానికి రసం కారడానికి కారణం ఇదే. ఆ రోజే తినేయాలి. ద్రాక్ష తొక్కతో ఉంటుంది కాబట్టి కాస్త నయం. కమలా తొనను పొర చిరగకుండా వలిస్తే బాగుంటుంది. పుచ్చ, అనాస వద్దు. ఖర్జూరం, ఎండు అంజీర మన వాతావరణానికి తగినవి. నీరు తక్కువ, పూత రోజుల తరబడి నిలుస్తుంది. గింజ తీసి బాదం పెట్టి ముంచిన ఖర్జూరాన్ని మించినది నాకు కనబడలేదు.

అరటిపండుది వేరే దారి. ముక్కలు గడ్డకట్టించి, ముంచి, ఫ్రీజర్ నుంచి తీసి అలాగే తింటారు. పటుకు అక్కడ చలి ఇస్తుంది. కింది రూపమైనా పర్వాలేదు, నోట్లో ఇంకా త్వరగా కరుగుతుంది కూడా. కోకో బటర్ ఉన్న చాక్లెట్ పూతకు టెంపరింగ్ అక్కర్లేని చోటు ఇదొక్కటే. చెంచాడు కొబ్బరి నూనె కలిపితే పూత పల్చగా పడుతుంది. గది వేడిలో ఉంచే పండ్లకు మాత్రం కొబ్బరి నూనె కలపకండి. దాని అణువులు చిన్నవి, కోకో బటర్ పేర్పులో ఇమడవు, రెండూ కలిస్తే కోకో బటర్ ఒక్కటే ఉన్నప్పటి కంటే తక్కువ వేడికే మెత్తబడతాయి. బేకరీ సామాను దుకాణాల్లో దొరికే కాంపౌండ్ చాక్లెట్‌లో సాధారణంగా కోకో బటర్ బదులు వేరే శాకీయ కొవ్వులుంటాయి. కరిగించి ముంచితే చాలు, టెంపరింగ్ లేకుండానే గట్టిపడుతుంది. పిల్లల పుట్టినరోజుకు సులువు. నోట్లో కరిగే తీరు మాత్రం దానికి రాదు.

మామిడి ముక్క రసం కార్చి చాక్లెట్‌ను ముద్దచేస్తుంది కాబట్టి దాన్ని వదిలేశాను. దాని టెంకలోని జీడి సంగతి వేరు. ఆ జీడి కొవ్వులో నడుమ ఒలియిక్, రెండు పక్కలా స్టియరిక్ ఉన్న అణువులు దండిగా ఉన్నాయి, అచ్చం కోకో బటర్ అచ్చే. అందుకే 2000 నాటి ఐరోపా చాక్లెట్ నిబంధనల్లో, ఐదు శాతం దాకా కోకో బటర్‌తో కలపడానికి ఒప్పుకున్న ఆరు కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు ఒకటి. పక్కన రెండూ స్టియరిక్‌లైతే కరిగే వేడి ఇంకాస్త పెరుగుతుంది. కోకో పంటలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఏలూరు, పశ్చిమ గోదావరి తోటల్లో కొబ్బరి చెట్ల నీడన ఆ కాయలు కాస్తాయి. మామిడి గుజ్జు తీసే కర్మాగారాలూ ఈ రాష్ట్రంలోనే ఉన్నాయి, టెంకలు అక్కడ గుట్టలుగా పడుతుంటాయి. మన ఎండకు తట్టుకునే చాక్లెట్ కావాలనుకునేవాళ్లు వెతకాల్సిన చోటు ఆ గుట్టలే.