మగపిల్లల పేర్లు: జాబితా చూసి పెట్టకండి, అర్థం చూసి మార్చకండి

డిగ్రీ కళాశాలలో సంస్కృతం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. పాఠంలో సందేహం వచ్చిందని నాకు ఫోను చేసేవాళ్లు అరుదు. పిల్లవాడి పేరుకు అర్థం అడిగేవాళ్లు మాత్రం వారానికి ముగ్గురో నలుగురో ఉంటారు. సాధారణంగా రాత్రి భోజనాలయ్యాక, పిల్లలు పడుకున్నాక చేస్తారు. ఆ వేళకు వాళ్ల మనసులో ఉన్నది సందేహం కాదు, భయం.

మొన్న కార్తికమాసంలో అలాగే ఒక అమ్మాయి చేసింది. నా పాత విద్యార్థికి చెల్లెలు. మూడేళ్ల కొడుకు పేరు ఆరవ్. "మాస్టారూ, ఈ పేరు మార్చేయాలట. ఎంత ఖర్చయినా మార్చేద్దామని మా ఆయన కూడా అంటున్నారు" అంది. పేరు పెట్టేటప్పుడు వాళ్లు ఇంటర్నెట్‌లో చూసిన జాబితాలో ఆరవ్ అంటే ప్రశాంతమైనవాడు అని ఉందట. మూడేళ్ల తర్వాత ఏదో పెళ్లిలో బంధువుల పెద్దాయన ఒకరు, "రావణుడి పేరు ఏ ధాతువు నుంచి పుట్టిందో ఇదీ దాన్నుంచే పుట్టింది. పిల్లవాడికి రాక్షసుడి పేరు పెట్టుకున్నారు" అన్నాడట. ఇక అప్పటి నుంచి పిల్లవాడికి జ్వరం వచ్చినా, పక్కింటి పిల్లవాణ్ని గిల్లినా, ఆ తల్లికి పేరే గుర్తుకొస్తోంది.

జాబితా చెప్పింది పూర్తిగా తప్పు. పెద్దాయన చెప్పింది సగం నిజం. ఆ సగం నిజమే ఆమెకు నిద్ర లేకుండా చేసింది.

అపోహ: పక్కన "సంస్కృత నామం" అని రాసి, దానికో అర్థం ఇస్తే అది నిజమే అయి ఉంటుంది.

వాస్తవం: సంస్కృతంలో పాత పర్యాయపదాల నిఘంటువైన అమరకోశం ప్రథమకాండలో శబ్దాదివర్గం తీయండి. ధ్వనికి పర్యాయపదాలు చెబుతూ అమరసింహుడు "ఆరవారావసంరావవిరావాః" అన్నాడు. ఆరవం, ఆరావం, సంరావం, విరావం, నాలుగూ చప్పుడుకు పేర్లే. అన్నిటికీ మూలం "రు" ధాతువు, అంటే చప్పుడు చేయడం అనే క్రియకు మూలరూపం. ప్రశాంతం అన్న భావం సరిపోయేది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన నీరవ శబ్దానికి. రవం లేనిది నీరవం. జాబితాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటాయి కాబట్టి ఒకచోట దొర్లిన తప్పు వంద చోట్ల కనిపిస్తుంది. వంద చోట్ల ఉంది కదా, తప్పెలా అవుతుందని తల్లిదండ్రులు నన్నే అడుగుతారు.

రావణుడి సంగతికి వద్దాం. అవును, ఆ పేరూ "రు" ధాతువు నుంచే వచ్చింది. లోకాలను రోదింపజేశాడు కాబట్టి రావణుడయ్యాడు. కానీ ధాతువు ఎవరి సొత్తూ కాదు. కోయిల కలరవం అందులోనిదే. గుడిగంటల రవళీ అందులోనిదే. రవి శబ్దాన్ని కూడా సంప్రదాయ వ్యాకర్తలు ఆ ధాతువు నుంచే సాధించారు. మన ఊళ్లలో వీధికొక రవి ఉన్నాడు, ఏ తల్లీ ఆ పేరు చూసి హడలిపోలేదు.

ఫోనులో ఇదంతా చెప్పినా ఆమె మనసు కుదుటపడలేదు. ఆదివారం ఇంటికి రమ్మన్నాను. నా అమరకోశం మా నాన్నగారిది. అట్ట ఊడితే గుడ్డతో అంటించాం, అంచుల్లో ఆయన పెన్సిలు గుర్తులున్నాయి. ఆ పుట తీసి ఆమె ముందు పెట్టాను. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆరవ దగ్గర ఆగి మళ్లీ చదివింది. పిల్లవాడు బల్ల కింద కూర్చుని స్టీలు గ్లాసును చెంచాతో ఒకటే వాయిస్తున్నాడు. "ధ్వని అంటే మంచి అర్థమేనా మాస్టారూ?" అని అడిగింది. "వేదం ధ్వనే కదమ్మా" అన్నాను. అప్పుడు ఏడ్చింది.

ఇలాంటి తప్పులకు సగం కారణం, ఆ జాబితాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండటం. ఇంగ్లీషు అక్షరాల్లో హ్రస్వదీర్ఘాలు తెలియవు. అనీశ అంటే తనపైన ప్రభువు లేనివాడు. అనిశ అంటే ఎడతెగనిది. ఇంగ్లీషులో రాస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకదాని అర్థం ఇంకోదానికి వెళ్లిపోతుంది. అంశ వేరు, అంశు వేరు. అంశ అంటే భాగం, అంశు అంటే కిరణం. సగరుడి మనవడు అంశుమంతుడి పేరులో ఉన్నది కిరణం. ఈ రోజుల్లో "అంశ్" చివర తగిలించిన పేర్లన్నిటికీ కిరణమని అర్థం రాసేస్తున్నారు. శివాంశ్, దేవాంశ్ చక్కని పేర్లు, వాటి అర్థం శివుడి అంశ, దేవుడి అంశ. కిరణం కావాలంటే ఉకారం ఉండాలి.

ఇంకో చిక్కు, ఒకే ఉచ్చారణకు రెండు పుట్టిళ్లు ఉండటం. నా తరగతిలో ఒకే ఏడాది ఇద్దరు సమీర్లు చదివారు, ఒకరు హిందువు, ఒకరు ముస్లిం. సంస్కృతంలో సమీరుడు గాలి. అరబ్బీలో సమీర్ అంటే రాత్రివేళ కబుర్లు చెప్పుకునే తోడు. రెండూ వేర్వేరు పదాలు, రెండూ అందమైనవే. ఒకటి అసలు, ఇంకోటి నకలు అని వాదించుకోవడంలో అర్థం లేదు. ప్రవాసంలో ఉన్న మనవాళ్లు ఎక్కువగా పెట్టుకునే నీల్ కూడా అంతే. మనకు అది నీల శబ్దం. ఐర్లాండు వాళ్లకు నియల్ అనే పాత పేరుకు మరో రూపం. రెండు చోట్లా చెల్లుతుందనే పెడుతున్నాం అంటే సంతోషం. రెండింటికీ మూలం ఒకటే అని మాత్రం పిల్లవాడికి చెప్పకండి.

మరి కొత్తగా అల్లిన పేరు పెట్టకూడదా? నిరభ్యంతరంగా పెట్టండి. అమ్మ పేరులో ఒక అక్షరం, నాన్న పేరులో ఒక అక్షరం కలిపి పెట్టినా ఆ పేరుకు ఒక కథ ఉంటుంది. ఆ కథ చెప్పండి చాలు. దానికి లేని వేదమూలం అంటగడితేనే, ఏదో ఒకనాడు ఎవరో నిలదీస్తారు, పిల్లవాడు చిన్నబోతాడు.

ఇప్పుడు అసలు నష్టం గురించి. అర్థం తప్పని తెలియగానే పేరు మార్చడానికి పరిగెడతారు. జనన మరణాల నమోదు చట్టం 1969లోని 14వ సెక్షన్ ప్రకారం పేరు లేకుండా జననం నమోదు చేయించవచ్చు. పన్నెండు నెలల్లోపు పేరు రాయిస్తే రుసుము ఉండదు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా రాయించే వీలుంది. అంటే ఆలోచించుకోవడానికి ఏడాది కాలం మీ చేతిలో ఉంది. కానీ ఒకసారి పేరు రాయించాక సంగతి వేరు. 15వ సెక్షన్ తప్పుగా పడిన వివరాలను దిద్దడానికి ఉంది, మనసు మారినప్పుడల్లా పేరు మార్చడానికి కాదు. పైగా 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరిక నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకీ, స్థలానికీ జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే ఆ కుటుంబం తిరగని కార్యాలయం ఉండదు. అందుకే పదేపదే చెబుతున్నాను, రాయించక ముందు నిఘంటువు చూడండి, తెలిసినవాళ్లను అడగండి. రాయించాక ఎవరో ఏదో అన్నారని కదలకండి.

మిగతా అపోహలు త్వరగా ముగిస్తాను.

జన్మనక్షత్ర పాదం ప్రకారం వచ్చిన అక్షరంతోనే పిలిచే పేరు మొదలవ్వాలని అంటారు. ఇంట్లో జరిపే సంస్కారాల విధులు చెప్పే పారస్కర గృహ్యసూత్రం మగబిడ్డ పేరుకు చెప్పిన నియమాలు ఇవి: రెండక్షరాలో నాలుగక్షరాలో ఉండాలి, ఘోషవర్ణంతో (గ, జ, ద, బ లాంటి నాదమున్న అక్షరంతో) మొదలవ్వాలి, నడుమ అంతస్థం (య, ర, ల, వ) ఉండాలి, కృదంతం (ధాతువు నుంచి పుట్టిన పదం) కావాలి, తద్ధితం (మరో నామం నుంచి పుట్టిన పదం) కాకూడదు. ఇందులో నక్షత్ర పాదం మాటే లేదు. కొడుక్కి పేరు పెట్టాలన్నా వ్యాకరణం కావాలని పతంజలి మహాభాష్యం మొదట్లోనే చెప్పింది కూడా ఇలాంటి నియమాలను చూపించే. అభివాదంలో, అంటే పెద్దలకు నమస్కరిస్తూ చెప్పుకునే పేరు వేరే ఉండాలనీ, ఉపనయనం దాకా అది తల్లిదండ్రులకే తెలియాలనీ మరో గృహ్యసూత్రకర్త ఆశ్వలాయనుడు అన్నాడు. కాబట్టి నక్షత్రనామం మీద నమ్మకముంటే బియ్యంలో రాసి చెవిలో చెప్పండి, పిలిచే పేరు మీ ఇష్టం.

సంఖ్యాశాస్త్రం పేరుతో ఇంగ్లీషులో ఒక అక్షరం పెంచడం, ఒకటి తగ్గించడం. మన "ఆ"ను ఇంగ్లీషులో ఒక అక్షరంతోనూ రాయవచ్చు, రెండింటితోనూ రాయవచ్చు. పేరు అదే, పలుకు అదే, అక్షరాలకు వాళ్లిచ్చే అంకెల మొత్తం మాత్రం మారిపోతుంది. ఇక ఆ లెక్క దేన్ని కొలుస్తున్నట్టు? మా వీధిలో ఒక అబ్బాయి పదో తరగతి ధ్రువపత్రంలో అలా ఒక అక్షరం అదనంగా చేరి, ఆధార్‌తో సరిపోక, పాస్‌పోర్టు కోసం నెలల తరబడి తిరిగాడు. విదేశంలో వచ్చిన సీటు ఆ ఏటికి పోయింది.

జేమ్స్, యాకోబు వేర్వేరు పేర్లు అనుకునేవాళ్లున్నారు. రెండూ ఒకే హీబ్రూ పేరు. ఇంగ్లీషు బైబిల్లో జేమ్స్ పత్రిక తెలుగు బైబిల్లో యాకోబు పత్రిక. యోహాను, జాన్, ఇవాన్, షాన్ కూడా ఒకే తల్లి బిడ్డలు.

ఫలానా పేరు ఆడపేరు, మగవాడికి పెట్టకూడదు అనేది ఇంకొకటి. నికిత మనకు ఆడపిల్ల. సోవియట్ యూనియన్‌ను ఏలిన క్రుశ్చేవ్ పేరు నికిత, గ్రీకులో విజేత అనే మాట నుంచి వచ్చింది. ఇటలీలో ఆండ్రియా అంటే పురుషుడు.

చివరగా, చెడ్డ అర్థమున్న పేరు బిడ్డకు కీడు చేస్తుందన్న మాట. దీన్ని మాత్రం త్వరగా దాటలేను. దుర్యోధనుడంటే చెడ్డ యోధుడని చెప్పేవాళ్లున్నారు. యుద్ధంలో ఎదుర్కోవడం కష్టమైనవాడని దాని అర్థం. ఆ "దుర్" ఉపసర్గే దుర్గలోనూ ఉంది. నకులుడంటే ముంగిస. పౌలు అంటే లాటిన్‌లో చిన్నవాడు. రోమును ఏలిన క్లాడియస్ వంశనామం కుంటి అనే మాట నుంచి వచ్చింది. ఐతరేయ బ్రాహ్మణంలో శునశ్శేపుడి పేరు కుక్కతోక. వరుణుడికి బలి కావలసినవాడు బతికి బయటపడి, విశ్వామిత్రుడికి పెద్దకొడుకయ్యాడు.

చాలా ఏళ్ల కిందట నా తరగతిలో పెంటయ్య అనే కుర్రవాడు ఉండేవాడు. హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీల్లో నవ్వులు. తల దించుకుని చెయ్యెత్తేవాడు, నోరు విప్పేవాడు కాదు. ఒకరోజు పేరు మార్పుకు దరఖాస్తు రాసిపెట్టమని వచ్చాడు. మార్చుకోవడం అతని హక్కు, రాసిపెడతానన్నాను. ముందు ఆ పేరు ఎందుకు పెట్టారో ఇంట్లో అడిగి రమ్మన్నాను.

అతను ఊరికి వెళ్లేలోగా నాకు తెలిసింది చెప్పాను. మంగోలియాలో బిడ్డలు దక్కని ఇంట పుట్టినవాడికి నెర్గుయ్ అని పెడతారు, పేరు లేనివాడని అర్థం. ఎన్‌బిష్ అని కూడా పెడతారు, వీడు కాదు అని అర్థం. మృత్యువు వచ్చి అడిగితే తప్పుదారి పట్టించడానికి. నైజీరియాలోని యొరుబాలు కొసోకో అని పెడతారు, గుంత తవ్వడానికి పార లేదని అర్థం. ఆ పేరుతో లాగోస్‌ను ఏలిన రాజే ఉన్నాడు. దురోజయే అని ఇంకో పేరుంది, ఉండి బతుకును అనుభవించు అని తల్లి బిడ్డను బతిమాలుకోవడం. మన తవిటయ్యలు, పుల్లయ్యలు, మొక్కు వల్ల దర్గా పేరు వచ్చిన మస్తానయ్యలు, సైదులు అందరూ ఈ వరుసలోనివాళ్లే.

సోమవారం తిరిగి వచ్చాడు. నాయనమ్మ చెప్పిందట. అతనికి ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి నెల తిరక్కుండా పోయారు. మూడోవాడు పుట్టగానే మంత్రసాని చేటలో వేసుకుని పెరట్లో పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పొరుగావిడ వచ్చి, ఎవరో పారేసిన బిడ్డ దొరికాడంటూ ఎత్తుకుంది. తల్లి చేటెడు తవుడు ఇచ్చి తన బిడ్డను తానే కొనుక్కుంది. ఇదంతా చెబుతూ ఆ కుర్రవాడు కిటికీలోంచి బయటికే చూశాడు. దరఖాస్తు మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు హాజరు పిలుస్తున్నాను. అతని పేరు దగ్గరకు వచ్చేసరికి బెంచీ చప్పుడైంది. లేచి నిలబడ్డాడు. "ఉన్నాను సార్" అన్నాడు.