చలికాలం పరుగు, ఆగాక వచ్చే దగ్గు

హనుమకొండ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్నాడు. దసరా దాకా ఏ ఇబ్బందీ లేదు. కార్తీకం దాటి చలి ముదిరాక మాత్రం, పరిగెత్తినంత సేపు బాగానే ఉండి, ఆగిన ఐదు నిమిషాలకు దగ్గు తెర మొదలవుతోంది. ఛాతీ పట్టేస్తోంది, సన్నగా పిల్లికూతలు కూడా. "చలిగాలికి నెమ్ము చేరుతుంది, సంక్రాంతి దాకా మానెయ్" అని ఇంట్లో పోరు. మానేయాలా అన్నా, అని ప్రశ్న.

మానక్కర్లేదు తమ్ముడూ. నెమ్ము అంటే న్యుమోనియా, అది సూక్ష్మజీవుల వల్ల వచ్చే జబ్బు, చలిగాలి లోపలికి పోయి నెమ్ముగా మారదు. పైగా ఇక్కడ పెద్ద దోషి చలి కాదు, పొడితనం.

భద్రకాళి చెరువు కట్ట మీద ముందు నడిచే మనిషి కనపడనంత మంచు ఉంటే గాలి పొడిగా ఉందనడమేంటి అనిపిస్తుంది. బడిలో సాపేక్ష ఆర్ద్రత (గాలి మోయగల తేమలో ఎంత వంతు ఉందో చెప్పే లెక్క) సూత్రం బట్టీ పట్టిస్తారు, అది మన గొంతులో ఏం చేస్తుందో ఒక్కరూ చెప్పరు. నాకు బాధ కలిగించే సంగతి ఇది. 12 డిగ్రీల గాలి ఎంత తేమ పట్టినా ఘనమీటరుకు 11 గ్రాముల నీటిని మించి మోయలేదు. ఊపిరితిత్తుల లోపల, 37 డిగ్రీల దగ్గర, అదే ఘనమీటరులో 44 గ్రాములు ఉండాలి. మిగతా 33 గ్రాములు మన శ్వాసనాళాలే ఇవ్వాలి. వానలు వెనకబట్టే రోజుల్లో 24 డిగ్రీల ముసురు గాలి దాదాపు 20 గ్రాములు తనే తెచ్చుకుంటుంది, అందుకే దసరాకు దగ్గు లేదు.

కూర్చున్నప్పుడు ముక్కు ఈ పని చక్కగా చేస్తుంది. పీల్చే గాలి నిమిషానికి 35 లీటర్లు దాటితే మాత్రం నోరు తెరవక తప్పదు. గట్టిగా పరిగెత్తేవాడు 60 లీటర్లకు పైనే పీలుస్తాడు. అప్పుడు ఆ భారం నేరుగా లోపలి గొట్టాల మీద పడుతుంది.

ఆ గొట్టాల గోడల మీద మిల్లీమీటరులో వందో వంతు మందాన ఉప్పునీటి పొర ఒకటి ఉంటుంది. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు ఉండిపోతుంది, పొర చిక్కబడుతుంది. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి గిన్నె అడుగున నీరు ఊరుతుంది కదా. ఆ నీరు ఎవరూ పోయలేదు, ఉప్పే ముక్కలోంచి లాగింది. గొట్టాల లోపలా అంతే. చిక్కబడ్డ పొర పక్క కణాల్లోంచి నీటిని గుంజుకుంటుంది, కణాలు ముడుచుకుంటాయి. తొక్కులో ముక్క మెత్తబడి ఊరుకుంటుంది. మన కణాలు ఊరుకోవు. అక్కడుండే మాస్ట్ కణాలు (అలర్జీలో పనిచేసే కణాలు) హిస్టమిన్, ల్యూకోట్రైన్లు, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు వదులుతాయి, గొట్టం చుట్టూ ఉన్న నునుపు కండరం బిగుసుకుంటుంది. పరుగు ఆపిన ఐదు, పది నిమిషాలకు ఈ బిగుతు బాగా ముదిరి, చాలామందిలో గంటలోపే దానంతటదే వదులుతుంది.

ఈ స్పందనకు ఒక విరామ కాలం ఉంది. ఒకసారి కొద్దిగా బిగుసుకుని వదిలాక, ఈ ఇబ్బంది ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తర్వాతి రెండు గంటల దాకా అంత గట్టిగా మళ్లీ రాదు. అందుకే అసలు పరుగుకు ముందు పది, పదిహేను నిమిషాల వార్మప్ చేయాలి. అందులో అర నిమిషం చొప్పున ఆరేడు చిన్న స్ప్రింట్లు, మధ్యలో నడక. స్టేడియానికి రాగానే బూట్లు బిగించి ఒకేసారి ఉరికేవాళ్లను చూస్తే నాకు ఆపాలనిపిస్తుంది.

ముక్కుకీ నోటికీ దస్తీ కట్టుకోండి. ఒక రౌండు అయ్యాక విప్పి చూస్తే లోపలి వైపు తడిగా ఉంటుంది. అది మీరు వదిలిన నీరే. మళ్లీ పీల్చే గాలికి అందులోంచి కొంత తిరిగి అందుతుంది.

ఇంకో సంగతి పొగ. చలికాలపు రాత్రి నేల చల్లబడి దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కుతుంది, పైన వెచ్చటి గాలి మూతలా పడుతుంది. ఊరి చివర పత్తి కట్టెకు పెట్టిన నిప్పు పొగ పైకి లేవకుండా పొలాల మీదే పరుచుకుంటుంది. ఎండ పొడిచి నేల కాస్త వేడెక్కాక అది చెదురుతుంది. కాబట్టి ఐదింటి పరుగును ఏడున్నరకో, వీలైతే సాయంత్రం ఎండ ఉండగానేకో మార్చుకోండి.

పిల్లికూతలు వస్తున్నాయన్నావు కాబట్టి ఛాతీ డాక్టరుకు చూపించుకో. ఊపిరి ఎంత, ఎంత వేగంగా వస్తుందో కొలిచే స్పైరోమీటరులో ఊదించి, పరిగెత్తించి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో ఊదిన గాలి పది శాతమో అంతకంటే ఎక్కువో తగ్గితే పరుగుకు ముందు పీల్చే ఇన్‌హేలర్ రాస్తారు. అది అలవాటైపోతుందన్న భయం పెట్టుకోకు.