చేతిలో పిట్ట, చీటీ మీద తేదీ

బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్లు నంది హిల్స్‌కి వెళ్లేది ఎక్కువగా పొగమంచు కోసం, సెల్ఫీల కోసం. నేను మాత్రం బైనాక్యులర్స్ మెడలో వేసుకుని బండరాళ్ల దగ్గర పసుపు గొంతు పిగిలిపిట్ట కోసం కాపు కాస్తుంటాను. హార్స్‌లీ హిల్స్‌లోనూ ఉంటుందిది, రాతిగుట్టలు వదిలి పెద్దగా బయటికి రాదు. మొన్న పక్కనే కెమెరాతో నిలబడ్డ మదనపల్లె కుర్రాడు అడిగాడు: “ఇంత మంచి ఫోటోలు వస్తుంటే, సైంటిస్టులు ఇంకా వాటిని పట్టుకోవడం ఎందుకన్నా?”

ఫోటో అన్నీ చెప్పదు. నీలగిరి, పళని కొండల మీద, షోలా అనే చలి లోయల పచ్చటి అడవుల నేలపై తిరిగే చిన్న నీలి పిట్టలున్నాయి. ఏ గుంపులో వేయాలో తేలక వందేళ్లకు పైగా వాటి పేర్లు మారుస్తూనే వచ్చారు. చివరికి మిస్ట్ నెట్ అనే పలచటి వల కట్టి, చిక్కిన పిట్ట రెక్క కింది రక్తనాళం నుంచి చుక్క రక్తం తీసి వదిలేసి, ఆ డీఎన్ఏని మ్యూజియంలో దాచిన పాత పిట్టల చర్మాలతో కలిపి చూస్తే, అవి ఈగపట్టు పిట్టలకి చుట్టాలని తేలింది. 2017లో షోలికోలా అని కొత్త పేరు పెట్టారు. పాల్ఘాట్ కనుమకి ఉత్తరాన ఒక జాతి, దక్షిణాన వేరే జాతి. చలికొండ మీద బతికే పిట్టకి ఆ వేడి లోయ సముద్రంతో సమానం.

చిట్టెలుకలు, చుంచులైతే రాత్రిపూట తిరుగుతాయి, అసలు కనబడవు. అల్యూమినియం మడత పెట్టెలో వేయించిన కొబ్బరో వేరుశనగ వెన్నో ఎర పెట్టాలి. లోపల గుప్పెడు దూది పెట్టడం మర్చిపోతే మాత్రం పాపం, చిక్కిన ప్రాణికి ఒళ్లు చిన్నది కాబట్టి వేడి తొందరగా పోయి తెల్లారేసరికి చలికి చచ్చిపోతుంది. అటవీశాఖ అనుమతి లేకుండా ఇవేవీ చేయకూడదు, అది వేరే సంగతి.

మ్యూజియంల కోసం చంపి దాచడం, గుడ్లు ఏరడం నాకూ నచ్చదు. కానీ 1967లో బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే పరిశోధకుడు పాత సేకరణల్లోని బైరి డేగ గుడ్ల పెంకులు తూచి, 1940ల చివరి నుంచి అవి పలచబడ్డాయని చూపించాడు. కారణం డీడీటీ అనే పురుగుమందు. అది రాకముందు గుడ్లు ఏరినవాళ్లకి దాని పేరు కూడా తెలియదు, చీటీ మీద ఊరూ తేదీ రాసి పెట్టారంతే. ఆ చీటీలు లేకపోతే ఎన్ని పెంకులుండీ దండగే.

“నీ ఫోటోల్లో లొకేషన్ ఆన్‌లో ఉందా?” అనడిగాను.

“లేదన్నా, బ్యాటరీ తినేస్తాది.”