అందం పని మానుకున్న కాలం

కళాప్రదర్శన చూసి బయటికి వచ్చినవారు ‘ఇందులో అందమేముంది?’ అని అడగడం వరంగల్‌లోనూ మామూలే. ఆ ప్రశ్న వెనుక రెండు వేర్వేరు చరిత్రలున్నాయి.

మొదటిది పడమటిది. 1917లో న్యూయార్క్‌లో ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డుషాంప్ మూత్రశాలలో వాడే పింగాణీ తొట్టిపై ‘ఆర్. మట్’ అని సంతకం చేసి పంపితే, నిర్వాహకులు దానిని ప్రదర్శనకు పెట్టలేదు. ఆధునిక కళను నడిపించినది అందాన్ని ధ్వంసం చేయాలన్న కోరికేనని 1948లో చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ రాశాడు. 1990లలో అమెరికా విమర్శకులు మళ్లీ అందం ఊసెత్తే నాటికి అది కళకు తప్పనిసరి లక్షణం కాకుండా పోయింది. బీభత్సాన్ని కూడా రసాల్లో లెక్కించిన మనకు ఇది అంతగా ఆశ్చర్యపడవలసిన విషయం కాదు. 1943 నాటి బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ నల్లసిరాతో గీసిన ఎండు డొక్కలను అందంగా లేవని ఎవరూ తప్పుపట్టలేరు.

రెండోది కథల పటాలకు పేరుపడ్డ చేర్యాలది. 2016 దాకా ఆ ఊరు వరంగల్ జిల్లాలోనిదే. సిద్దిపేటలో కలిసినా ఇక్కడివారికి పరాయిదని తోచదు. అక్కడి పటాల చిత్రకారులైన నకాషీలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల ముద్ద, బంక కలిపి పూతలు వేసి, ఆరిన తర్వాత ఎర్రని నేపథ్యంపై బొమ్మలు రాసేవారు. చుట్టగా చుట్టే ఈ పటాల్లో 30 అడుగులు దాటినవి ఉండేవి. పద్మశాలీలకు కులపురాణం చెప్పే కూనపులివారు రాత్రిపూట ఒక్కో వరుస విప్పుతూ పాడుతుంటే, చివర కూర్చున్న ముసలవ్వకు సైతం ఎవరు దేవుడో ఎవరు రాక్షసుడో తెలియాలి. ఆ ఎరుపు, ఆ పెద్ద కళ్లు ముస్తాబు కోసం కాక, దూరం నుంచి ఆనవాలు పట్టడానికే వచ్చాయని నా ఉద్దేశం.

సినిమా, టీవీ వచ్చి కథ చెప్పించుకునేవారు తగ్గాక పొడుగు పటం ముక్కలై చట్రాల్లోకి చేరింది. పడమట కళ అందాన్ని వదిలించుకుంటే, ఇక్కడ పటం తన పనిని పోగొట్టుకుని అందాన్ని మాత్రమే మిగుల్చుకుంది.

ఈ రెండు దారులూ తెలిసిన చిత్రకారుడు తోట వైకుంఠం. 1942లో కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టి, బరోడాలో ఆధునిక చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ వద్ద చదువుకుని, తిరిగి తెలంగాణ పల్లె ఆడవాళ్ల పెద్ద బొట్టుకూ ముదురు రంగు చీరలకూ వచ్చారు. చిన్ననాట తనను ఆకట్టుకున్నది నాటకాల్లో ఆడవేషం కట్టే మగవాళ్లని ఆయనే చెప్పుకున్నారు. ఇది తెలిసి చూస్తే ఆ నిండైన అలంకరణ వట్టి పల్లె సొగసుగా కనిపించదు; అందులో వేషం కట్టడం కూడా ఉంది.

చేర్యాలలో నకాషీలు ఇప్పటికీ పటాలు రాస్తున్నారు. కొనేవారు మాత్రం తరచుగా గోడ కొలతే చెబుతారు. ఎవరి కథ కావాలో చెప్పరు.